గొహర్ వంతు ములాఖత్

పీర్‌దాద్‌కి ఇద్దరు పెళ్ళాలు. మొహం చిట్లించేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. ఖాష్ అనే ఆ ఊరి చుట్టుపక్కల ఇద్దరిని చేసుకున్న మగవాళ్ళకి కొదవేం లేదు గానీ, ఇద్దరి మధ్యా పీర్‌దాద్‌లా పంచినవాడు వెతికినా కనబడడు. ఒక రాత్రి పెద్దామె గొహర్ గదిలో, మర్నాటి రాత్రి చిన్నామె మహ్‌లబ్ గదిలో. దారిలో అతను తోలే పికప్ చెడిపోయి గొహర్ వంతు రాత్రి కాస్తా రోడ్డు మీదే తెల్లారిపోతే, ఇల్లు చేరగానే ముందు ఆ పోయిన రాత్రిని ఆమెకి తిరిగి ఇచ్చేవాడు. పుచ్చకాయ కోస్తే రెండు చెక్కల్నీ రెండు అరచేతుల్లో పెట్టుకుని బరువు చూసేవాడు. పెళ్ళాల మధ్య తేడా చేసిన మొగుడు రేపు దేవుడి ముందు ఒక పక్కకి ఒరిగిపోయి నిలబడతాడని మౌల్వీ చెప్పిన మాట అతనికి ఎముకల్లోకి దిగింది.

ఈ తూకం చూస్తే గొహర్‌కి ఒళ్ళు మండేది. పద్నాలుగేళ్ళు ఆ ఇంటికి ఒక్కతే పెళ్ళాంగా బతికిన మనిషి. ఇద్దరు కూతుళ్ళని కని, పెంచి, అత్తారిళ్ళకి పంపింది. నిన్నటిదాకా మొత్తం తనదే అయినదాన్ని రెండు చేసి, ఇదిగో సమానం అని చేతిలో పెడితే, సగం ఇచ్చినట్టు ఉండదు, సగం లాక్కున్నట్టు ఉంటుంది. ఆ మాట ఆమె మొగుడి మొహానే అంది, ఒకసారి కాదు. అతను విని, తల పంకించి, మర్నాడు కూడా అంతే పంచాడు.

ఒక్క చోట మాత్రం గొహర్ పంచనివ్వలేదు. అది సర్కారు ఇచ్చిన గుర్తింపు పుస్తకం. అందులో పీర్‌దాద్ భార్య అన్నచోట గొహర్ పేరొక్కటే ఉంది. మహ్‌లబ్‌తో పెళ్ళి మౌల్వీ ముందు జరిగింది, ఆఫీసులో రాయలేదు. రాయించాలంటే మొదటి భార్య ఒప్పుకుని వేలిముద్ర వెయ్యాలి. ఏడేళ్ళ నుంచి అడుగుతున్నారు. ఏడేళ్ళ నుంచీ గొహర్ బొటనవేలికి ఏదో ఒక నొప్పి.

మూడేళ్ళ కిందట పీర్‌దాద్‌ని పట్టుకున్నారు. వాళ్ళింట్లో భోంచేసి పడుకున్న దూరపు చుట్టం ఒకడు, పట్నం దాకా తనని, తన మూడు ఖర్జూరం బస్తాల్ని పికప్‌లో దింపమన్నాడు. అతిథి మూట విప్పి చూడడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. చెక్‌పోస్టుకి రెండు మైళ్ళ ముందు టీ తాగొస్తానని దిగిన చుట్టం ఇప్పటిదాకా రాలేదు. ఖర్జూరాల అడుగున తెల్లపొడి పొట్లాలు దొరికాయి. పంతొమ్మిది రోజులు పీర్‌దాద్ ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. ఇరవయ్యో రోజుకి అతని ముందు పక్క పళ్ళు నాలుగు లేవు, అతనికి చదవడం రాని ఫార్సీలో రాసిన కాగితం మీద అతని వేలిముద్ర ఉంది. చదివి చెప్పమని అడిగినందుకే పళ్ళు పోయాయి.

ఇక విచారణ. కోర్టు వరండాలో గొహర్ టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. టీ ఇంకా వేడిగా ఉండగానే తలుపు తెరుచుకుంది. లోపల జడ్జి మూడు ప్రశ్నలు అడిగాడట. నీ పేరేంటి. నీ తండ్రి పేరేంటి. ఈ వేలు నీదేనా. వేలు నాదేనండీ, రాత నాది కాదు అని పీర్‌దాద్ చెప్పబోతే, అడిగినదానికే జవాబు చెప్పమన్నాడట. వకీలు ఏడీ అంటే తీర్పయ్యాక ఒకాయన్ని చూపించారు. ఆయన ఫైలు తిరగేసి, వేలిముద్ర ఉందిగా, ఇంకేం చేస్తాం అన్నాడు. ఉరి అన్నారు. పుచ్చకాయని కూడా తూచి పంచిన మనిషి ప్రాణాన్ని ఒక గ్లాసు టీ చల్లారకుండా తేల్చేశారు.

పైకోర్టుకి అర్జీ వెళ్ళింది. జవాబు కోసం చూస్తూ రెండేళ్ళు గడిచాయి.

జైల్లో కూడా పీర్‌దాద్ పంపకం మానలేదు. మొదటి ములాఖత్‌లోనే అద్దానికి అవతల రిసీవరు చెవికి పెట్టుకుని తీర్పు చెప్పాడు.

"దాన్ని వీళ్ళు లోపలికి రానివ్వరు గొహర్. నెలకోసారి నన్ను చూసేది నువ్వే. అందుకని సోమవారాల్లో ఇచ్చే పది నిమిషాల ఫోను దానిది."

"నెలకి నాలుగు సోమవారాలు. నాలుగు పదులు నలభై నిమిషాలు దానికి. నాకు పన్నెండు. బాగుంది నీ న్యాయం."

"నీకు మొహం కూడా కనబడుతుంది కదా."

"ఆహా, ఏం మొహమని. గుండు, బోసినోరు. అది దానికే ఇచ్చుకో, నాకు ఫోనివ్వు."

అతను నవ్వలేదు. పైకప్పు మట్టి ఎంత కారిందో అడిగాడు. మేకలెన్ని ఈనాయో అడిగాడు. బావి మోటారు గురించి అడిగాడు. గొహర్‌తో అతని మాటలన్నీ ఇలాగే ఉండేవి. పన్నెండు నిమిషాలూ కప్పు, మేకలు, మోటారు. చివర్లో, "మహ్‌లబ్ ఎలా ఉంది, పిల్ల ఎలా ఉంది" అని. రిసీవరు పెట్టేసే ముందు వినపడే చివరి పేరు సవతిది కావడం గొహర్ ఏ నెలా మరిచిపోలేదు.

సోమవారం వస్తే మరీ నరకం. రెండు గదులకీ మధ్య ఉన్నది పలచటి గోడ. ఫోను మోగడం, మహ్‌లబ్ పరుగెత్తి తలుపేసుకోవడం, కాసేపటికి అవతల్నుంచి కిలకిలా నవ్వు. ఉరి పడ్డ మొగుడితో మాట్లాడుతూ నవ్వడమేమిటని గొహర్ పిండి కలుపుతూ పళ్ళు నూరేది. అంతలా నవ్వించే మాటలు అతని దగ్గర ఉన్నాయా? ఉంటే ఇరవై ఏళ్ళలో తనకి ఒక్కటైనా చెప్పడేం? పిండి ముద్దని అవసరానికి మించి గుద్దేది. ఆ రోజు రొట్టెలు ఎప్పుడూ మెత్తగా వచ్చేవి.

"ఏమంటాడే మీ ఆయన?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"మన ఆయనా? ఏవో కబుర్లక్కా."

"కబుర్లకే పొట్ట పట్టుకుని నవ్వుతావా?"

"నువ్వు చూసొచ్చాక నాకేం చెబుతావు? కప్పు బాగు చేయించమన్నాడు అంటావు. పన్నెండు నిమిషాలూ కప్పేనా? నువ్వు దాచుకుంటే నేనూ దాచుకుంటా."

కప్పేనని గొహర్ ఎలా చెబుతుంది? చచ్చినా చెప్పదు. మూతి బిగించి, అదేదో పెద్ద రహస్యమైనట్టు ఊరుకుంది.

కిందటి నెల ములాఖత్ రోజున జైలు గేటు దాకా వెళితే, లోపల వార్డులో గొడవైంది, ఇవాళ లేదు పొమ్మన్నారు. ఈ నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, వాళ్ళది కాని రోజున, ఫోను మోగింది. మహ్‌లబ్ ఎత్తి, రెండు ముక్కలు విని, బిత్తరపోయి గొహర్ గదికి వచ్చింది.

"జైలు వాళ్ళక్కా. పీర్‌దాద్ భార్యని రేపు పదకొండింటికి రమ్మన్నారు. ములాఖత్ ఉందట."

"రేపు బుధవారం. మనది వచ్చే వారం కదే."

"నేనూ అదే అన్నా. రమ్మంటే రా అన్నాడు."

గొహర్ ఆలోచించింది. జైలు ఎరిగినవాళ్ళు ఎవరైనా ఆ ఫోను విని గుండె బాదుకునేవాళ్ళు. కానీ గొహర్ ఎరిగినది పీర్‌దాద్ ఇల్లు. ఆ ఇంట్లో పోయిన వంతు తప్పకుండా తిరిగి వస్తుంది. అందుకని ఆమెకి తోచిన అర్థం ఒక్కటే.

"కిందటి నెలది ఎగ్గొట్టారుగా. అది తిరిగి ఇస్తున్నారు" అంది.

అంటూండగానే మనసులో ఇంకో ఆలోచన మెదిలింది. రేపటిది అదనంగా వచ్చింది. తన అసలు వంతు వచ్చే వారం ఎలాగూ ఉంది. ఈ అదనాన్ని ఇచ్చేసి సోమవారాలు పుచ్చుకుంటే? అతను ఫోనులో ఏమంటాడో, ఎలా నవ్విస్తాడో ఒక్కసారి తన చెవులతో వింటే? అంతే కాదు, ఈ పిల్ల కూడా ఆ గుండునీ ఆ బోసినోటినీ చూడాలి. మూడేళ్ళుగా గొంతు మాత్రమే విని కులుకుతోంది.

"ఒసేయ్, నువ్వు వెళతావా?"

మహ్‌లబ్‌కి అర్థం కాలేదు.

"నా పుస్తకం పట్టుకుని వెళ్ళు. నల్ల చాదర్ ముక్కు దాకా లాక్కుంటే నువ్వెవరో నేనెవరో వాళ్ళకేం తెలుస్తుంది? మూడేళ్ళలో ఆ బల్ల దగ్గరవాడు ఒక్కసారి తలెత్తి నా మొహం చూసింది లేదు. పుస్తకం చూస్తాడు, పేరు అడుగుతాడు, వేలు పట్టుకుని సిరాలో ముంచుతాడు."

"నిజంగానా అక్కా?" మహ్‌లబ్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఊరికే కాదు. వచ్చే రెండు సోమవారాలూ ఫోను నాది. నువ్వు ఈ గోడ దగ్గరికి కూడా రాకూడదు."

"నాలుగు తీసుకో" అంది మహ్‌లబ్.

"రెండు చాలు. నేను నీలా ఆశపోతుని కాదు."

ఆ సాయంత్రం పాఠం మొదలైంది. నాలుగేళ్ళ జర్‌గుల్, మహ్‌లబ్ కూతురు, ఇద్దరి మధ్య కూర్చుని ఇదేదో ఆట అనుకుంది.

"నా తండ్రి పేరు?"

"లాల్‌బక్ష్."

"వయసు?"

"నలభై ఒకటి. అయినా నన్ను చూసి నలభై ఒకటంటే ఎవడు నమ్ముతాడక్కా?"

"నమ్ముతాడు. ఆ గేటు దగ్గర రెండు గంటలు ఎండలో నిలబెడతారు. లోపలికి వెళ్ళేసరికి నా వయసు దానంతటదే వస్తుంది."

మర్నాడు ఇద్దరూ బయలుదేరారు. పిల్లని పక్కింట్లో వదిలారు. పుస్తకాన్ని ఒంటరిగా సవతి చేతికిచ్చి పంపడానికి గొహర్‌కి మనసొప్పలేదు, అందుకే ఆమె కూడా పట్నం వచ్చి జైలు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుంది. మహ్‌లబ్ గేటు దాటి లోపలికి వెళుతుంటే నడుము చూసి, నలభై ఒకటి అంటే అలా నడవరే మొద్దూ అని లోలోపల తిట్టుకుంది. తన పేరు పెట్టుకుని, తన పుస్తకం పట్టుకుని, తన మొగుడి దగ్గరికి వెళుతోంది. ఇచ్చింది తనే. వెనక్కి పిలుద్దామా అని లేచి నిలబడి, సోమవారాలు గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది.

పన్నెండు కావస్తుండగా మహ్‌లబ్ బయటికి వచ్చింది. ముక్కు దాకా ఉండాల్సిన చాదర్ భుజాల మీదికి జారిపోయింది. రోడ్డు దాటడం మరిచిపోయి మధ్యలో నిలబడింది. గొహర్ వెళ్ళి రెక్క పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చింది.

"ఏమైందే? కనిపెట్టారా?"

"అక్కా, అతన్ని నిన్న పొద్దున వార్డులోంచి తీసి ఒంటరి గదిలో వేశారట. రేపు తెల్లారుజామునట. ఇదే ఆఖరట."

గొహర్ రెక్క వదిలేసి గేటు వైపు పరుగెత్తింది. వయసూ, మోకాళ్ళ నొప్పులూ, దారిలో పడిపోయిన ఒక చెప్పూ ఏవీ ఆమెకి తెలియలేదు. కిటికీ దగ్గర ఉన్నవాడికి తనకొచ్చిన ముక్కల ఫార్సీలో చెప్పింది.

"పీర్‌దాద్ భార్యని. అతన్ని చూడాలి."

అతను రిజిస్టరు తిప్పాడు. "పీర్‌దాద్ భార్య గొహర్, లాల్‌బక్ష్ కూతురు. పదకొండున్నరకి చూసి వెళ్ళింది. వేలిముద్ర ఉంది."

"నేనే గొహర్‌ని."

"అవును, అదే చెబుతున్నా. చూశావు కదా. ఇంకోసారి ఉండదు."

"పైకోర్టుకి అర్జీ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు."

"వచ్చాక ఇంటికి పంపుతారు" అన్నాడతను.

ఆమె నోరు తెరిచింది. లోపలికి వెళ్ళింది నేను కాదు, అదిగో రోడ్డు పక్కన నిలబడ్డది, దాని వేలు చూడండి, నా వేలు చూడండి అనాలి. అంటే మహ్‌లబ్‌ని లోపల వేస్తారు. తనకి అద్దం ముందు పన్నెండు నిమిషాలు దొరికినా దొరకవచ్చు. ఒక్క క్షణం అనిపించిందని చెబితే అబద్ధం, చాలాసేపే అనిపించింది. సవతి జైలుకి పోతే పోనీ అనుకుంది. పక్కింట్లో వదిలొచ్చిన జర్‌గుల్ ఈ వేళకి ఆకలని ఏడుస్తూ ఉంటుంది, దానికి అన్నం కలిపి పెట్టేది తనే. గొహర్ నోరు మూసుకుని వెనక్కి తిరిగింది. కిటికీవాడు తర్వాతి మనిషిని పిలిచాడు.

రాత్రికి పిల్లని ఉంచుకోమని టీ కొట్టు నుంచి పక్కింటికి ఫోను చేయించారు. ఇంటికి పోవాలని ఇద్దరికీ తోచలేదు. గేటుకి ఎదురుగా గోడ నీడలో కూలబడ్డారు. గొహర్ అడిగింది.

"ఏమన్నాడు?"

"నన్ను చూసి తెల్లబోయాడు. నువ్వేంటి అన్నాడు. వంతు మార్చుకున్నాం అన్నా. ఎవరడిగారు అన్నాడు. అక్కే అంది, రెండు సోమవారాలకి అన్నా. రిసీవరు వదిలేసి రెండు చేతులతో తల పట్టుకున్నాడక్కా. నాకప్పుడు కూడా తెలీలేదు. తర్వాత చెప్పాడు. చెప్పి, పన్నెండూ ఒక్కదానికే ఇచ్చి ఎలా పోతాను, ఆరు నీవి, ఆరు దానివి అన్నాడు."

"నావెలా ఇస్తాడు? నేను లేనుగా అక్కడ."

"నువ్వు గొహర్ పేరుతోనే వచ్చావుగా, కదలకు, నోరెత్తకు, ఇప్పుడు నేను గొహర్‌తో మాట్లాడుతున్నా అన్నాడు."

గొహర్ దగ్గరికి జరిగింది. "చెప్పు" అంది.

"ముందు కప్పు సంగతి. వానలకి ముందే కొత్త మట్టి వేయించమన్నాడు."

"అంతేలే. నాకు కప్పు."

మహ్‌లబ్ చాదర్ అంచుని వేలికి చుట్టుకుంటూ ఆగింది. ఆ తర్వాతి మాటల్ని ఆమె మింగేసినా అడిగేవాళ్ళు లేరు. మింగలేదు.

"తర్వాత, గొహర్, సోమవారం మహ్‌లబ్‌ని నవ్వించడానికి ఆదివారం నుంచే వార్డంతా తిరిగి ఎవడో ఒకడి దగ్గర ఒక జోకు అరువు తెచ్చుకునేవాణ్ణి. అది భయస్తురాలు, నా గొంతులో తేడా తెలిస్తే తట్టుకోలేదు. నీ దగ్గర ఆ పని ఉండేది కాదు. ఈ బోసినోటితో నీతో కప్పూ మేకలూ మాట్లాడుతుంటే పన్నెండు నిమిషాలు ఇంట్లో ఉన్నట్టుండేది. నువ్వు తిడుతుంటే మరీనూ. అన్నాడు. అంతేనక్కా. ఇంకా ఒక నిమిషం మిగిలితే అద్దం వంక ఊరికే చూస్తూ కూర్చున్నాడు. అదీ నీదేనట."

గొహర్ మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ తలెత్తింది.

"మరి నీ ఆరింట్లో ఏమన్నాడు?"

"అది నాది" అంది మహ్‌లబ్.

"పన్నెండూ నీ చెవుల్లోనే పడ్డాయి కదే. ఆ మిగిలిన నిమిషం చూపు కూడా నీ కళ్ళే తాగాయి. నాకేం మిగిల్చావు?"

మహ్‌లబ్ లేచి వెళ్ళింది. పడిపోయిన చెప్పుని వెతికి తెచ్చి గొహర్ కాలి దగ్గర పెట్టింది. ఆ రాత్రి ఇద్దరూ అక్కడే, ఒకే చాదర్ కప్పుకుని కూర్చున్నారు. తెల్లారాక అంబులెన్సు ఒకటి వెనక గేటులోంచి లోపలికి వెళ్ళింది.

తొమ్మిదింటికి పీర్‌దాద్ పేరు పిలిచారు. లోపల గదిలో బల్ల వెనక ఒక ఆఫీసరు ఉన్నాడు. పక్కన తమ భాష వచ్చిన సిపాయి నిలబడి కాగితాన్ని ఒక్కొక్క ముక్కే చెప్పాడు. శవాన్ని చడీచప్పుడు లేకుండా పూడ్చుకోవాలి. జనాన్ని పోగెయ్యకూడదు. ఆఖర్న ఇంకో వాక్యం ఉంది.

"కడసారి ములాఖత్ ఇచ్చాం, భార్య గొహర్ వచ్చి భర్తని చూసింది, మాట్లాడింది, ఏ ఫిర్యాదూ లేదు అని. వేలు వెయ్యమ్మా."

"ఎంతసేపు మాట్లాడిందని రాశారు?" అంది గొహర్.

సిపాయి వంగి చూశాడు. "పన్నెండు నిమిషాలు."

తలుపు దగ్గర మహ్‌లబ్ చాదర్ ముక్కు దాకా లాక్కుని నిలబడింది. ఆఫీసరు సిరా పెట్టెని ముందుకి తోశాడు. గొహర్ బొటనవేలిని అందులో ముంచి, చూపించినచోట ఒత్తింది. తప్పుడు కాగితమని ఆమెకి తెలుసు. ఆ కాగితంలో ఒక గొహర్ ఉంది. నిన్న పదకొండున్నరకి మొగుడికి ఎదురుగా కూర్చుని, పన్నెండు నిమిషాలూ అతని మొహం చూస్తూ, అతను చెప్పినదంతా తన చెవులతో విన్న గొహర్. మహ్‌లబ్ మీద ఏడేళ్ళలో ఎన్నడూ కలగనంత అసూయ ఆ ఆడదాని మీద కలిగింది.